ప్రక్క గది ఏల పలుకదు?

ఒకే యింటిలో ఒకే రూటరు నాశ్రయించియున్న రెండు కంప్యూటర్లు, ఒకటి క్రింది గదిలోని డెస్క్‌టాప్, మఱియొకటి మేడమీది లాప్‌టాప్, రెండును సముద్రముల కావలనున్న సర్వరులతో నిరాటంకముగా సంభాషించుచు, ఇంటివారికి సినిమాలు చూపుచు, విదేశమున నున్న బిడ్డల ముఖములను తెరపైకి తెచ్చుచు, బ్యాంకి లెక్కలు చక్కబెట్టుచు, తమలో తాము మాత్రము పెండ్లి ఫోటోల ఫోల్డరు నొకదానిని ఇచ్చిపుచ్చుకొనలేక నిలిచిపోవుట నేడు అనేక గృహములలో కనవచ్చు వింత. దీనిని చూచిన గృహస్థునకు తోచు మొదటి తర్కము, "ఇంటర్నెట్టు వచ్చుచున్నది గదా, ఇక నెట్‌వర్కులో దోషమెక్కడిది?" అని. ఈ తర్కము సహజమైనదే కాని సరియైనది కాదు. ఇంటర్నెట్టు వచ్చుచున్నదనుటవలన తేలునది యింతమాత్రమే: ఆ కంప్యూటరునుండి రూటరు వరకు దారి యున్నది, రూటరునుండి బయటికి దారి యున్నది. ఒక కంప్యూటరునుండి రూటరు మీదుగా రెండవదానిని చేరుటకు దారి కలదనిగాని, చేరినపిమ్మట ఆ రెండవది లోనికి రానిచ్చుటకు సమ్మతించునని గాని దానివలన తేలదు.

ఇట్టి సమయమున చాలమంది చేయు పని యేమనగా, రూటరును ఆర్పి వెలిగింతురు, రెండు కంప్యూటర్లను రీస్టార్ట్ చేయుదురు, కేబులును ఊడదీసి మరల గుచ్చుదురు, యాంటీవైరసును తీసివేయుదురు, సెట్టింగులలో చేతికందిన మీటలన్నిటిని త్రిప్పుదురు. ఇవన్నియు ఒకే గంటలో, ఒకే ఆవేశములో. ఒక్కొక్కప్పుడు పని జరుగును కూడ. కాని యే క్రియవలన జరిగినదో తెలియకపోవుటచేత, పది దినములకు అదే రోగము తిరిగివచ్చినప్పుడు అదే జాతర మరల చేయవలసివచ్చును. రీస్టార్టును నేను నిందింపను. అది అనేక తాత్కాలిక దోషములను నిజముగనే తుడిచివేయును. అయితే దోషముతోపాటు దోషసాక్ష్యమునుగూడ తుడిచివేయుట దాని స్వభావము గనుక, దానిని మొదట గాక చివర చేయుట మేలు.

రెండు కంప్యూటర్ల నడిమి సంబంధము ఏకఖండమైన వస్తువు కాదు. తీగగాని రేడియో తరంగముగాని మొదటిది. దానిపై నడచు సంకేతముల పొందిక రెండవది. ఆ సంకేతములు మోసికొనిపోవు చిరునామాలు, ఆ చిరునామాల నడుమ సాగు సంభాషణ, ఆ సంభాషణకు కావలసిన అనుమతి, ఇవి క్రమముగా ఒకదానిపై నొకటి నిలిచిన అంతస్తులు. 1984లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ప్రకటించిన నమూనాలో ఇట్టివి ఏడు కలవు గాని యింటి పనికి అన్ని అక్కఱలేదు. ఏ అంతస్తులో తెగినను పైకి కనబడు ఫలము ఒక్కటే: ఫోల్డరు తెఱచుకొనదు. అయినను, అడుగవలసిన తీరున అడిగినచో, ఒక్కొక్క అంతస్తు ఊరకుండు విధము వేఱుగా నుండును. ఒక మౌనమునకు అర్థము అచట ఎవ్వరును లేరని. మఱియొకదానికి అర్థము ఉన్నారు గాని పలుకరని. వేఱొకదానికి అర్థము పలుకుదురు గాని నిన్ను గుర్తింపరని. ఈ భేదమును పసిగట్టుటయే దోషాన్వేషణమునందలి విద్య, తక్కినదంతయు చేతిపని.

తీగ విషయమున మౌనము కంటికే కనబడును. కేబులు గుచ్చిన చోట రెండు చిన్న దీపములు వెలుగవలెను. అవి వెలుగనంతవరకు పైనున్న సెట్టింగులను తడవుట వ్యర్థము. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22న తన సహోద్యోగులకు వ్రాసిన పత్రములో ఈథర్నెట్ అను నామము వెలసినది; డేవిడ్ బాగ్స్‌తో గూడి ఆయన నిర్మించిన ఆ తొలి వ్యవస్థలో కంప్యూటర్లన్నియు ఒకే కోయాక్సియల్ కేబులునకు తగిలించుకొని సెకనుకు 29.4 లక్షల బిట్ల వేగముతో మాటలాడుకొనెడివి. నేటి కేబులులో నున్నవి ఎనిమిది సన్నని రాగి తీగలు, నాలుగు జతలు. ప్రతి జతయు తనలో తాను మెలివేయబడి యుండును. ఆ మెలిక అలంకారము కాదు. బయటి విద్యుదయస్కాంత కల్లోలము జతలోని రెండు తీగలపై సమానముగా పడి, రెండింటి భేదమును మాత్రమే చదువు గ్రాహకమునందు రద్దయిపోవుటకు అది సాధనము. టెలిఫోను తీగలకొఱకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే దీనికి పేటెంటు పొందెను.

ఈ తీగల కొనకు బిగించు ఆర్‌జే-45 ప్లగ్గును చేతిలోనికి తీసికొని, క్లిప్పు క్రిందికిని కేబులు మనవైపునకును ఉండునట్లు పట్టి చూడుడు. పారదర్శకమైన ఆ ప్లాస్టిక్కులో ఎడమనుండి కుడికి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అను వరుస కనబడవలెను. చూపునకు ఇది కొంత వికారముగా నుండును: ఆకుపచ్చ జత విడిపోయి, నీలపు జతను నడుమ నుంచుకొన్నది. చక్కదనము నభిలషించు కొందఱు పనివారు ప్రతి రంగును దాని జోడుప్రక్కనే వరుసగా పేర్చి రెండు కొనలను ఒకే తీరున బిగింతురు. ఎనిమిది దీపముల చౌక టెస్టరు పెట్టినచో ఎనిమిదియు క్రమముగా వెలుగును, పనివాడు సంతోషించి వెళ్లిపోవును. కాని మూడవ పిన్ను, ఆఱవ పిన్ను వేర్వేఱు జతలకు చెందిపోవుటచేత మెలికయొక్క ప్రయోజనము నశించి, పొడుగు కేబులులో సంకేతము చెదరిపోవును. తీగ తెగలేదు, టెస్టరు అబద్ధమాడలేదు, అయినను సంబంధము నిలువదు. దీనికి ప్లగ్గును కత్తిరించి క్రొత్తది బిగించుట తప్ప వేఱు మందు లేదు.

మఱియొక రోగము ఇంతకంటె నెమ్మదిగా తెలియును. సెకనుకు 100 మెగాబిట్ల ఈథర్నెట్టునకు 1, 2, 3, 6 పిన్నులే చాలును. గిగాబిట్టునకు ఎనిమిదియు కావలెను. తలుపు సందున నలిగి నీలపు తీగగాని గోధుమ తీగగాని ఒకటి తెగినచో, చాల కార్డులు కిమ్మనక 100 మెగాబిట్లకు దిగివచ్చి పని సాగించును. ఫోల్డరు తెఱచుకొనును, ఫోటోలు కనబడును. 50 గిగాబైట్ల ఫోటోలు ఎనిమిది నిమిషములలో పోవలసినవి గంటకు పైగా సాగునప్పుడుగాని అనుమానము పుట్టదు. విండోస్ సెట్టింగులలో ఈథర్నెట్ లింక్ వేగమను చోట 1000 ఉన్నదో 100 ఉన్నదో చూచుట అర నిమిషపు పని.

తీగ కుదిరినపిమ్మట చిరునామా. కమాండ్ ప్రాంప్టును తెఱచి ఐపీకాన్ఫిగ్ అని టైపు చేసినచో ప్రతి కంప్యూటరును తన చిరునామాను, అనగా ఐపీ సంఖ్యను, చెప్పును. ఇండ్లలో అది సాధారణముగా 192.168 తో మొదలగును. ఈ శ్రేణిని, 10 తో మొదలగు శ్రేణిని, 172.16 నుండి 172.31 వరకు గల శ్రేణిని ఇండ్లలోపలి, ఆఫీసులలోపలి వాడుకకే కేటాయించిన ఏర్పాటు 1996 ఫిబ్రవరి నాటిది. బయటి ప్రపంచమున ఈ సంఖ్యలు చెల్లవు గనుకనే మన యింటను, ఎదురింటను, బెజవాడలోను, బోస్టనులోను 192.168.1.5 అను కంప్యూటరు ఉండవచ్చును. రెండు కంప్యూటర్ల సంఖ్యలలో మొదటి మూడు భాగములు ఏకముగా నుండి, చివరి భాగము మాత్రము వేఱుగా నుండి, సబ్‌నెట్ మాస్కు 255.255.255.0 అని యున్నచో, రెండును ఒకే వీధివని అర్థము. చివరి భాగముకూడ ఏకమైనచో అది వేఱొక అనర్థము. చేతితో సంఖ్య నిచ్చినవారెవరో జ్ఞాపకము చేసికొనవలెను.

సంఖ్య 169.254 తో మొదలైనచో కంప్యూటరు తనకు చిరునామా నిచ్చువారికై పిలిచి పిలిచి, బదులు రాక, తానే యొకటి కల్పించుకొన్నదని గ్రహింపవలెను. రూటరునకు దారి లేదని దీనిని చాలమంది తీర్మానింతురు. రూటరు నడుమ నున్న యింట ఆ తీర్మానము సబబే. కాని రెండు కంప్యూటర్లను రూటరు లేకుండ ఒక్క కేబులుతో నేరుగా కలిపినప్పుడు రెండును 169.254 సంఖ్యలే తీసికొనును, ఆ సంఖ్యలతోనే చక్కగా మాటలాడుకొనును. ఒకే లక్షణము ఒకచోట రోగము, మఱియొకచోట ఆరోగ్యము. పూర్వము ఇట్లు నేరుగా కలుపుటకు తీగలు తారుమారుచేసిన ప్రత్యేకపు కేబులు కావలసియుండెడిది. నేటి కార్డులు ఆ తారుమారును తామే చేసికొనును.

చిరునామాలు తెలిసినంతమాత్రమున మాట సాగదు. ఐపీ సంఖ్య రూటరు ఇచ్చునది, మాఱునది. ఈథర్నెట్టు కార్డుగాని వైఫై చిప్పుగాని గుర్తించునది తన నలువదియెనిమిది బిట్ల మాక్ సంఖ్యను, అనగా పండ్రెండు అంకెలుగను అక్షరములుగను వ్రాయబడు ఫ్యాక్టరీ ముద్రను. మొదటిదానినుండి రెండవదానిని కనుగొనుటకు 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ ప్రకటించిన పద్ధతిని ఏఆర్‌పీ అందురు. పల్లెలో చాటింపు వేసినట్లే, లాప్‌టాప్ తన వీధిలోని సమస్త యంత్రములకు వినబడునట్లు "192.168.1.5 ఎవరు? నాకు చెప్పుడు" అని కేకవేయును, ఆ సంఖ్య గల డెస్క్‌టాప్ ఒక్కటే, చాటింపుగా గాక అడిగినవారికి మాత్రమే, తన మాక్ సంఖ్యను తెల్పును. ఈ పిలుపునకు బదులిచ్చుట గృహ కంప్యూటర్లలో ఫైర్‌వాలు చేత సామాన్యముగా ఆపబడదు. మనసులో నుంచుకొనవలసిన విషయమిది. పింగు చెప్పు మాటల పరమార్థము దీనిమీదనే ఆధారపడియున్నది.

పింగు అను చిన్న ప్రోగ్రామును అమెరికా సైన్యమునకు చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేయుచుండిన మైక్ మూస్ 1983 డిసెంబరులో, అచటి నెట్‌వర్కు వింతగా ప్రవర్తించుచున్నదని విసిగి, కొలది వ్యవధిలో వ్రాసెను. జలాంతర్గాములు నీటిలో ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినునప్పుడు పుట్టు చప్పుడును తలచి ఆ పేరు పెట్టెను. ఆయన తొలి పింగు ప్యాకెట్టును పంపులోపలనే, ఏ దోషమును వెదకుటకై దానిని వ్రాసెనో ఆ దోషమును కనుగొని చక్కబెట్టుట జరిగిపోయినదట. విండోస్‌లో పింగు నాలుగు ప్యాకెట్లను పంపును, ఒక్కొక్కటి ముప్పదిరెండు బైట్లు. ఆ బైట్లలో నుండునది ఇంగ్లీషు అక్షరమాలయే, ఎ నుండి డబ్ల్యూ వరకు వ్రాసి మరల ఎ నుండి ఐ వరకు. అందిన యంత్రము ఆ అక్షరములనే తిప్పి పంపవలెను. ఇంటిలోపల తీగమీద ఇది వెయ్యవ వంతు సెకనులోపల జరిగిపోవును.

బదులు వచ్చినచో సంతోషమే. రానప్పుడు ఏ మాటలతో రాలేదో అక్షరాక్షరము చదువవలెను. ఇచటనే తొందరపాటువారు దెబ్బతిందురు. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అనునది ఒకటి, "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అనునది మఱియొకటి. రెండును కాదనుటయే గదా అని యొకే గాటకట్టరాదు. రెండవ వాక్యమునకు ముందు "రిప్లై ఫ్రమ్" అని యొక సంఖ్య యుండును. ఆ సంఖ్య మనము పిలిచినవారిది కాదు, మన కంప్యూటరుదే. అనగా చాటింపు వేసితిని, ఎవ్వరును పలుకలేదు, పంపుటకే వీలులేకపోయినదని మన యంత్రము తనకు తానే చెప్పుకొనుచున్నది. దీనిలోని చిత్రమేమనగా, చివరి లెక్కలో విండోస్ ఆ నాలుగు మాటలనుగూడ వచ్చిన ఉత్తరములుగా గణించి, నాలుగు పంపితిమి, నాలుగు వచ్చినవి, నష్టము సున్న యని ప్రకటించును. క్రింది లెక్కను మాత్రమే చూచి పైవాక్యములను చదువనివాడు సంబంధము బాగుగనే యున్నదని నమ్మి, దోషమును లేనిచోట వెదకుచు ప్రొద్దు గడపును.

అన్‌రీచబుల్ అనిన అవతలి యంత్రము నిద్రపోవుచున్నది, లేదా తీగ తెగినది, లేదా సంఖ్య మాఱినది, లేదా నడుమ ఎవరో చాటింపును ఆపుచున్నారు. టైమ్డ్ అవుట్ అయినప్పుడు వెంటనే ఏఆర్‌పీ అని, అడ్డగీత గీచి ఏ అను అక్షరము చేర్చి టైపు చేయుడు. వచ్చిన పట్టికలో అవతలి ఐపీ సంఖ్యకు ఎదురుగ మాక్ సంఖ్య కనబడినదా, ఆ యంత్రము మేల్కొని యున్నది, చాటింపునకు బదులిచ్చినది, తీగయు చిరునామాయు నిర్దుష్టములు. పింగునకు మాత్రము కావలెననియే పలుకుట లేదు. అది ఫైర్‌వాలు మౌనము. ఇంత చిన్న పరీక్షతో సగము అనుమానములు ఒక్కసారిగ రాలిపోవుట నాకు నేటికిని ముచ్చట గొలుపును.

పింగు చెప్పు మఱియొక రహస్యము టీటీఎల్ అను సంఖ్య. విండోస్ యంత్రము తన ప్యాకెట్టుపై 128 అని వ్రాసి పంపును. త్రోవలోని ప్రతి రూటరును ఒకటి చొప్పున తగ్గించును. ఇంటిలోపలి బదులులో 128 ఉండవలసినచోట 127 కనబడినచో, నడుమ మనకు తెలియని రూటరొకటి కూర్చున్నది.

అది యెక్కడినుండి వచ్చును? మన పట్టణములలో ఫైబరు కనెక్షను ఇచ్చువారు తమ పెట్టె నొకదానిని హాలులో బిగించి పోవుదురు. మేడమీదికి వైఫై అందదు. ఇంటివారు బజారులో మఱియొక రూటరును కొని, హాలులోని పెట్టెనుండి కేబులు లాగి, దాని వాన్ రంధ్రములో గుచ్చి, వైఫైకి ఒక పేరు పెట్టి తృప్తిపడుదురు. ఇంటర్నెట్టు అద్భుతముగ వచ్చును. కాని అప్పటినుండి ఆ యింట రెండు వీధులు ఏర్పడినవి: క్రింద 192.168.1, పైన 192.168.0. మేడమీది లాప్‌టాప్ డెస్క్‌టాపునకు పింగు పంపినచో, మేడ రూటరునకు క్రింది వీధి ప్రత్యక్షముగ తెలియును గనుక అది చేరును, బదులును వచ్చును, 127 తో. డెస్క్‌టాపునుండి లాప్‌టాపునకు పంపినచో, ఆ సంఖ్య తన వీధిది కాదు గనుక డెస్క్‌టాప్ దానిని హాలులోని పెట్టెకు అప్పగించును. మేడమీది వీధిని గూర్చి ఆ పెట్టె యెన్నడును విని యుండలేదు. అది ప్యాకెట్టును ఇంటర్నెట్టువైపు త్రోసివేయును, అక్కడ అది నశించును. ఒక దిక్కున సాగి రెండవ దిక్కున సాగని సంబంధము కనబడినప్పుడు రెండు రూటర్లను తలచుకొనవలసినదే. చికిత్స సులభము: మేడ రూటరులో చిరునామాలిచ్చు డీహెచ్‌సీపీ పనిని ఆపి, హాలునుండి వచ్చిన కేబులును వాన్ రంధ్రమునుండి తీసి ప్రక్కనున్న లాన్ రంధ్రములలో నొకదానిలో గుచ్చుట. యాక్సెస్ పాయింట్ మోడ్ అను మీట యున్న రూటర్లలో దానిని నొక్కినచో సెట్టింగుల పని అదియే చూచుకొనును.

వైఫైలో ఇట్టిదే మఱియొక మోసము కలదు. చుట్టపు చూపుగా వచ్చినవారికై గెస్ట్ నెట్‌వర్కు అను పేరుతో రూటర్లు వేఱొక వైఫైని ఇచ్చును. దానిలో చేరినవారికి ఇంటర్నెట్టు లభించునుగాని యింటిలోని యితర యంత్రములు కనబడవు. అది దోషము కాదు, ఉద్దేశపూర్వకమైన మర్యాద. లాప్‌టాప్ ఎప్పుడో పొరపాటున గెస్ట్‌లో చేరి అక్కడనే స్థిరపడినచో, చాటింపు సామాన్యముగా అవతలికి పోదు గనుక అన్‌రీచబుల్ అను మాట రావచ్చును. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల యిండ్లలో మఱియొకటి కూడ: ఆఫీసువారు ఇచ్చిన లాప్‌టాపులో వీపీఎన్ వెలిగియున్నంతసేపు ప్యాకెట్లన్నియు ఆఫీసు సొరంగములోనికే పోవునట్లు కంపెనీలు కట్టడి చేయవచ్చును, ప్రక్క గదిలోని ప్రింటరుకూడ అప్పుడు పరదేశమే. దానిని సడలించుట మన అధికారములోని పని కాదు.

ఇక ఫైర్‌వాలు. విండోస్ ఎక్స్‌పీకి 2004 ఆగస్టులో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాకుతో అది ప్రతి కంప్యూటరులోను వెలిగియుండుట మొదలైనది. అంతకు ముందటి సంవత్సరము ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు, ఎవరును ఏమియు నొక్కకుండగనే, ఇంటర్నెట్టునకు తగిలించిన యంత్రములలోనికి తానే ప్రవేశించి లోకమును అల్లాడించిన జ్ఞాపకము ఇంకను పచ్చిగా నుండెను. నాటినుండి కంప్యూటరు స్వభావమే మాఱినది. పిలిచినవారి కందఱికి పలుకుట మర్యాదగా నుండిన కాలము పోయి, పరిచయము లేనివారికి ఉన్నట్లే తెలియనీయకుండుట మర్యాదయైన కాలము వచ్చినది. విండోస్ ప్రతి నెట్‌వర్కును పబ్లిక్ అనిగాని ప్రైవేట్ అనిగాని ఎంచును. రైల్వే స్టేషను వైఫైకి తగినది మొదటిది, స్వగృహమునకు తగినది రెండవది. క్రొత్త వైఫైలో చేరినప్పుడు విండోస్ దానిని సామాన్యముగా పబ్లిక్‌గనే ఎంచును గనుక, స్వగృహమే పబ్లిక్‌గా నమోదై, డెస్క్‌టాప్ తన యింటివారినే దారినపోవువారుగ భావించి నోరు మెదపకుండుట జరుగును. ఇంటి నెట్‌వర్కును ప్రైవేట్‌గా మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగు అనుదానిని అనుమతించినచో ఫైర్‌వాలును ఆర్పవలసిన అవసరమే యుండదు. పరీక్షకై ఒక్క నిమిషము ఆర్పినను, పరీక్ష ముగిసిన వెంటనే వెలిగింపవలెను. వేఱే కంపెనీ యాంటీవైరసు ఉన్నచో దానికి స్వంతముగ మఱియొక ఫైర్‌వాలు ఉండవచ్చుననుట మఱవరాదు.

పింగు పలికినంతమాత్రమున ఫోల్డరు తెఱచుకొనునని లేదు; ఫోల్డర్ల బేరమంతయు టీసీపీలో 445 అను పోర్టునందు జరుగును. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అను ఆజ్ఞకు అవతలి సంఖ్యను, 445 ను జోడించి అడిగినచో ఆ ఒక్క ద్వారమును మాత్రమే తట్టి చూచి, ట్రూ అనిగాని ఫాల్స్ అనిగాని చెప్పును. పింగు ఫాల్స్, ద్వారము ట్రూ అయినచో పింగును గూర్చి చింతింపక ముందునకు పోవచ్చును. ద్వారము మూసియున్నప్పుడు కూడ మూసిన తీరు రెండు విధములు: షేరింగు సేవయే నడువకయున్నచో, ఫైర్‌వాలు అడ్డు లేనిచోట, తిరస్కారము తత్క్షణమే వచ్చును, ఫైర్‌వాలు మ్రింగివేసినచో ఎంతసేపు నిరీక్షించినను ఏమియు రాదు. వెంటనే వచ్చిన నిరాకరణమునందు ఆలస్యపు మౌనమునందు లేని సమాచార మున్నది.

ఈ 445 ద్వారమునకు చేదు చరిత్ర కలదు. 2017 మే 12న ప్రబలిన వానాక్రై యను రాన్సమ్‌వేర్ ఈ త్రోవనే, ఫైళ్ల పంపకమునకు వాడు పాతకాలపు ఎస్ఎమ్‌బీ-1 భాషలోని లోపమును పట్టుకొని, ప్రపంచమంతట వ్యాపించెను; ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినట్లు నాడు పత్రికలలో వచ్చినది. మందు ఆ మార్చినెలలోనే మైక్రోసాఫ్టు విడుదల చేసియుండెను. వేసికొనని యంత్రములే జబ్బుపడినవి. ఆ సంవత్సరము చివరనుండి విండోస్ 10 క్రొత్త యంత్రములలో ఎస్ఎమ్‌బీ-1 ను పెట్టుట మానివేసిరి. అందువలన పది పదునైదేండ్లనాటి నెట్‌వర్కు హార్డుడిస్కు గాని, స్కాను చేసినదానిని ఫోల్డరులో వేయు పాత ప్రింటరు గాని క్రొత్త లాప్‌టాపుతో మాటలాడలేకపోవచ్చును. పాత భాషను మరల తెఱచిన పని జరుగునని సలహా చెప్పువారు గలరు. జరుగును, కాని నేనైనచో ఆ పాత హార్డుడిస్కులోని ఫైళ్లను యూఎస్‌బీ ద్వారా తీసికొని దానికి విశ్రాంతి నిత్తును.

నెట్‌వర్కు అను కిటికీలో అవతలి కంప్యూటరు పేరు కనబడలేదని నిరాశపడువారు, ఆ కిటికీని నమ్ముట మాని, రెండు వెనుకవాటు గీతలు గీచి ఐపీ సంఖ్యను నేరుగా వ్రాసి చూడవలెను. సంఖ్యతో తెఱచుకొని పేరుతో తెఱచుకొననిచో దోషము పేరును సంఖ్యగా మార్చు వ్యవస్థలో నున్నది, వేఱెచటను లేదు. ఇంతకుమించి ఆ కిటికీ చాపల్యమును గూర్చి వ్రాయుట కాలవ్యయము.

ద్వారము తెఱచుకొని, పేరును పాస్‌వర్డును అడిగినప్పుడు చాలమందికి కోపము వచ్చును. నిజమునకు అప్పుడు సంతోషింపవలెను, ఏలయన క్రింది అంతస్తులన్నియు నిర్దోషములని ఆ ప్రశ్నయే సాక్ష్యము. ఇక మిగిలినది గుర్తింపు. ఇచట గృహస్థులను ఏడిపించు నియమములు రెండు కలవు. ఇంటి డెస్క్‌టాపునకు పాస్‌వర్డు ఎందులకని ఖాళీగ విడిచినవారుందురు. ఖాళీ పాస్‌వర్డు గల ఖాతాతో కంప్యూటరు ముందు కూర్చుండి ప్రవేశింపవచ్చును గాని నెట్‌వర్కు మీదుగ ప్రవేశించుటకు విండోస్ స్వతస్సిద్ధముగ ఒప్పుకొనదు. రెండవది పిన్ను. నాలుగంకెల పిన్ను ఆ యంత్రమునకు మాత్రమే సంబంధించినది, ఆ యంత్రము దాటి చెల్లదు; ప్రతి దినము పిన్ను కొట్టి కొట్టి అసలు పాస్‌వర్డును మఱచినవారు అవతలి యంత్రమునుండి అదే పిన్నును పదేపదే టైపు చేసి, తప్పు తప్పు అనిపించుకొందురు. డెస్క్‌టాపులో ఫైళ్ల పంపకమునకే ఒక చిన్న ఖాతాను, పాస్‌వర్డుతో, ఏర్పఱచుట ఈ రెండింటికిని విరుగుడు. ఇంత చేసినను యాక్సెస్ డినైడ్ అని వచ్చినచో, షేరు నందిచ్చిన అనుమతి వేఱు, ఆ ఫోల్డరుయొక్క సెక్యూరిటీ పుటలో నిచ్చిన అనుమతి వేఱు అని, రెండింటిలో కఠినమైనదే చెల్లునని తెలిసికొని రెండవదానిని కూడ చూడవలెను.

అంతయు కుదిరి, లాప్‌టాపులో డెస్క్‌టాపు ఫోల్డరు ఒక డ్రైవువలె స్థిరపడిన కొన్నాళ్లకు అది మరల అదృశ్యమగుట కలదు. రూటరు చిరునామాలను దానమీయదు, గడువునకు అద్దెకిచ్చును. డెస్క్‌టాప్ కొన్ని దినములు ఆరిపోయి యుండిన తరువాత వెలిగినప్పుడు నిన్నటి 5 నేటికి 9 కావచ్చును, లాప్‌టాప్ ఇంకను 5 నే పిలుచుచుండును. రూటరు పుటలో అడ్రస్ రిజర్వేషను అను చోట డెస్క్‌టాపు మాక్ సంఖ్యకు ఒక ఐపీని కట్టివేసినచో ఈ బాధ తీరును. కట్టినను సంఖ్య మాఱుచున్నచో, డెస్క్‌టాప్ వైఫై మీద నున్నదేమో, విండోస్ వైఫై సెట్టింగులలో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అను మీట వెలిగియున్నదేమో చూడవలెను. అది వెలిగియున్నంతకాలము కంప్యూటరు తన ఫ్యాక్టరీ మాక్ సంఖ్యను దాచి కల్పిత సంఖ్యను చూపును గనుక, ఫ్యాక్టరీ సంఖ్యకు కట్టిన ఐపీ ఎవరికిని చెందక పట్టికలో ఊరక పడియుండును. ఇంటి వైఫైకి మాత్రము దానిని ఆర్పి, బయటి వైఫైలకు వెలుగనిచ్చినచో చాలును.